వేడి మూలలో క్షమాపణ చెల్లదు

"మీలో ఒస్మెల్ ఎవడు?"

ఆ మూలలో ఆడగొంతు వినపడటమే అరుదు. అందులోనూ అంత కారంగా. లిబెర్తాద్ పార్కులో చెట్ల నీడన గొంతులు చించుకుంటున్న మగాళ్ళంతా ఒక్కసారిగా నోళ్ళు మూసి వెనక్కి తిరిగారు.

పళ్ళ క్లినిక్ నుంచి తెల్లకోటు కూడా విప్పకుండా నేరుగా వచ్చేసింది దయామి. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఎండకి ముఖం కందిపోయింది. చేతిలోని సంచీని ఎవరి నెత్తిన వేసి కొడదామా అన్నట్టు పట్టుకుంది.

"ఒరే, పళ్ళ డాక్టరమ్మరా! ఏంరా ఒస్మెల్, పన్ను సగం పీకించుకుని పారిపోయొచ్చావా?" అన్నాడెవడో. అందరూ గొల్లుమన్నారు.

"నేనే ఒస్మెల్‌ని," అంటూ ఒకడు ముందుకొచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నీలం టోపీ కింద నుంచి బయటికొచ్చిన జుట్టు నిండా రంపపు పొట్టు. పైగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే దయామికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా నాన్న పేరు ఎవెలియో బారెతో," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఒకడు గొంతు సవరించుకున్నాడు. ఇంకొకడు చేతిలోని వేరుశనగ పొట్లంలోకి చూస్తూ నిలబడ్డాడు.

మతాన్సాస్‌లో ఎవెలియో బారెతో ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎనభైల్లో పద్నాలుగో నంబరు చొక్కా తొడుక్కుని, మైదానం చివర్న సెంటర్ ఫీల్డ్‌లో నిలబడి, ఊరి బేస్‌బాల్ జట్టుని భుజాన మోసిన కెప్టెన్. ఆయన మైదానం కంచె దాటేలా కొట్టిన హోమ్‌రన్లు చూశామని చెప్పుకునే జనం అప్పటి స్టేడియంలో పట్టేవాళ్ళకంటే ఎక్కువ. ఇప్పుడు అదే చోట, అదే నంబరుతో ఆడుతున్నవాడు దార్లిస్ రోకా. కుర్రాడు, అందగాడు, దుడుకు. ఈ సీజనంతా పార్కులోని ఈ మూలలో ఒకటే రగడ: బారెతో గొప్పా, రోకా గొప్పా? ఊరికే దాన్ని వేడి మూల అనరు. కొత్తవాళ్ళు చూస్తే కొట్టుకు చస్తున్నారనుకుని పోలీసుల్ని పిలుస్తారు.

ఆ రగడలోనే ఒకనాడు ఒస్మెల్ ఒక మాట విసిరాడు. "బారెతోవి హోమ్‌రన్లా? అల్యూమినియం గిన్నె మీద గరిటెతో కొట్టిన మోత!"

బారెతో కాలంలో జట్లన్నీ అల్యూమినియం బ్యాట్లతోనే ఆడేవి. తేలిక లోహం, బంతి తగిలితే చాలు ఎగిరిపోయేది. ఆ తర్వాత మళ్ళీ చెక్కబ్యాట్లు వచ్చాయి. అందుకని మాట బాగా పేలింది. మధ్యాహ్నానికి బస్టాపులో, మర్నాటికి రొట్టెల కొట్టు ముందు క్యూలో అదే మాట. వారం తిరక్కుండా కెప్టెన్ బారెతోకి ఊళ్ళో కొత్త పేరు పడింది. గిన్నె.

రోజూ పొద్దున్నే వంతెన దాటి, పార్కులోంచి నడిచి, నలుగురినీ పలకరించి కాఫీ తాగొచ్చే మనిషి ఆయన. ఒకరోజు వంతెన దిగుతుంటే వెనకనుంచి ఎవరో "టంగ్! టంగ్!" అని అరిచారు. ఆయన తిరిగి చూడలేదు. అట్నుంచటే ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. రేడియో కూడా పెట్టనివ్వడం లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు ఒస్మెల్. గొంతు కాస్త తగ్గింది.

"ఇక్కడే, ఇంతమంది ముందే, అన్న మాట తప్పని ఒప్పుకో. క్షమించమని అడుగు."

ఒస్మెల్ ఏదో అనబోయాడు. ఈలోగా ఇనప బెంచీ మీద నుంచి ముసలి కుకో లేచాడు. ఒకప్పుడు అంపైరు. ఇప్పుడు ఈ మూలకి పెద్ద.

"కుదరదమ్మాయ్," అన్నాడు.

"ఏం, ఎందుక్కుదరదు?"

"వేడి మూలలో క్షమాపణ చెల్లదు. మా తాతల నాటి నుంచీ అంతే. ఇక్కడ అన్న మాటని వాదనతోనే చంపాలి. ఎదుటివాడికి జవాబు దొరక్క టోపీ తీసి నేల మీద పెట్టాడా, మాట చచ్చినట్టు. ఆ పైన దాన్ని ఎవడెత్తినా సీజనయ్యేదాకా వాణ్ణి ఈ ఛాయలకి రానివ్వం. వాడి పిల్లలు ఎత్తినా వాడికే వెలి. అంతేగానీ, వీడు సారీ చెప్పాడనుకో, రేపు ఊరేమంటుంది? పాపం కూతురొచ్చి ఏడిస్తే జాలిపడి వదిలేశారంటుంది. గిన్నె గిన్నెగానే ఉంటుంది."

"నేనేం ఏడవట్లేదు!"

"ఏడవట్లేదు తల్లీ. నిన్ను చూస్తే మాకే ఏడుపొచ్చేలా ఉంది."

దయామి సంచీ బెంచీ మీద పడేసింది. "అయితే వాదిస్తా. ఇప్పుడే. రా ఇలా! దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ హోమ్‌రన్లు మా నాన్న నాలుగు సీజన్లు కొట్టాడు. మీ రోకా ఎన్నిసార్లు కొట్టాడు?"

"ఒక్కసారి. చెక్కతో."

"శాంటియాగో జట్టు మీద ఒకే ఆటలో మూడు!"

"అల్యూమినియం."

"పినార్ మీద ఫైనల్లో, చివరి ఇన్నింగ్స్‌లో..."

"అల్యూమినియం," అన్నాడు ఒస్మెల్. ఈసారి అతనితో పాటు ఇంకో నలుగురు అన్నారు. ఆ తర్వాత ఆమె నోరు తెరిస్తే చాలు, మూల మూలంతా పాటలా అందుకుంది. "అల్యూమినియం!"

ఇంకో హోమ్‌రన్, ఇంకో కప్పు, ఇంకో పతకం. ఏది తీసినా అదే మాట. చివరికి ఆమెకి చెప్పడానికేమీ మిగల్లేదు. సంచీ లాక్కుని, "నీ పళ్ళన్నీ ఊడిపోనూ!" అంది.

"ఊడితే మీ దగ్గరికే రావాలి కదా డాక్టర్," అన్నాడు ఒస్మెల్ అలవాటు కొద్దీ. అన్నాక ఆమె కళ్ళు చూశాడు. అతని నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

*

"నిన్నెవడు వెళ్ళమన్నాడు?" ఇంట్లో నాన్న చిందులు తొక్కాడు. "నా పరువు సరిపోలేదని నీది కూడా తీసుకెళ్ళి అక్కడ పారేసొచ్చావా?"

"మరి నువ్వు వెళ్ళవు! కుర్చీకి మేకులు కొట్టినట్టు కూర్చున్నావు!"

"వెళ్ళి ఏం చెప్పను? వాడన్నది అబద్ధమా? ఆ బ్యాటు తేలికే. చేతికి తెలిసేదే కాదు. ఒక్కో సీజన్లో ముప్ఫై కొట్టాను. చెక్కతో అయితే ఎన్ని కొట్టేవాణ్ణో నాకు తెలుసా? నీకు తెలుసా?" ఆయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "అబద్ధమైతే నవ్వుకుని పోయేవాణ్ణే తల్లీ. సగం నిజమై కూర్చుంది. అదే దిగడం లేదు గొంతులోంచి."

తల్లి పోయినప్పుడు కూడా నాన్న అలా మాట్లాడటం దయామి వినలేదు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నాన్న మీద, ఊరి మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ రంపపు పొట్టు జుట్టు వాడి మీద. రాత్రి మంచం మీద కూడా వాడితోనే వాదించింది. వాదించి గెలిచింది. మధ్యలో వాడు నవ్వితే ఒక బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని గుర్తొచ్చి, తన మీద తనకే కోపమొచ్చి అటు తిరిగి పడుకుంది.

*

ఒస్మెల్ పళ్ళన్నీ ఊడలేదు గానీ, ఒకటి మాత్రం విరిగింది. సోమవారం వాచిన దవడతో క్లినిక్‌కి వచ్చాడు.

"వేరుశనగ అచ్చు కొరికాను. మీ శాపమే తగిలింది," అన్నాడు. "డాక్టర్, ముందొక మాట..."

"నోరు తెరు."

"అది కాదు, నేను..."

"తెరవమన్నాను. నీకు బాగా చేతనైన పనే కదా."

తెరిచాడు. ఆమె అద్దం ఒకటీ, కొక్కెం ఒకటీ లోపల పెట్టి, రెండు వైపులా దూది కుక్కి, దీపం కళ్ళల్లోకి తిప్పింది. అప్పుడు తీరిగ్గా మొదలుపెట్టింది.

"మా నాన్న ఇల్లు కదలడం లేదు. తెలుసా?"

"ఆ..."

"ఎలా తెలుస్తుంది? నువ్వు హాయిగా అచ్చులు కొరుక్కుంటున్నావు. పక్కింటి పిల్లకి మా నాన్న బంతి విసరడం నేర్పేవాడు. ఇప్పుడా పిల్ల వచ్చి తలుపు కొట్టినా తియ్యడు. ఎవరి పుణ్యం?"

"ఆ... ఆ..."

"మాట్లాడకు, సూది గుచ్చుకుంటుంది. ఒక మనిషి పదిహేడేళ్ళు ఎండలో పరిగెత్తితే, నువ్వు ఒక్క మాటతో గరిటె మోత చేసేశావు. మోకాళ్ళు అరిగిపోయాయి ఆయనకి. గరిటెలకి మోకాళ్ళుంటాయా?"

కుర్చీలో ఒస్మెల్ కళ్ళు తిప్పాడు, చేతులు ఊపాడు, ఒకసారి దండం కూడా పెట్టాడు. ఆమె వదల్లేదు. విరిగిన పన్ను పీకడం, ఆ వారమంతా లోపల దాచుకున్న తిట్లు రెండూ అయ్యాకే దూది తీసింది.

"క్షమించండి," అన్నాడు. మత్తు వల్ల ఆ మాట సగం పెదవిలోనే ఇరుక్కుంది. "మనస్ఫూర్తిగా అంటున్నాను."

"ఆ మాట పార్కులో అను."

"ఇప్పుడే వెళ్ళి అంటాను. అంటే ఏమవుతుందో మీకూ తెలుసు. డాక్టరమ్మ కళ్ళు చూసి పడిపోయాడంటారు. మీ నాన్నగారు గెలిచినట్టవుతుందా?"

అది నిజం. నిజం కావడం వల్ల ఆమెకి కోపం ఇంకా పెరిగింది.

"పడిపోవడానికి నా కళ్ళేం గోతులు కావు. గురువారం వచ్చి కట్టు మార్పించుకో. వెళ్ళు."

*

గురువారం అతను రాలేదు. 'పుండు చీము పడితే నాకు చెడ్డపేరు' అనుకుంటూ సాయంత్రం ఆమే యుమురీ నది పక్క వీధిలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. తిట్లు ఇంకొన్ని మిగిలిపోయాయన్న సంగతి కూడా నిజమే.

అది ఇల్లు కాదు, రేకుల షెడ్డు. లోపల మర తిరుగుతోంది. దాని మీద మహాగ్వా చెక్క సన్నగా, గుండ్రంగా బ్యాటు ఆకారంలోకి వస్తోంది. నేలంతా పొట్టు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో రేకుల మీద వాన విరుచుకుపడింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"తిట్టడానికొచ్చారా, కట్టు మార్చడానికొచ్చారా?" అని వాన మీదుగా అరిచాడు ఒస్మెల్.

"రెండూ! ఏది ముందు కావాలో చెప్పు!"

"కట్టు! తిట్లకి నోరు బాగుండాలి కదా, జవాబు చెప్పడానికి!"

కట్టు మార్చింది. అంత దగ్గరగా అతని దగ్గర పచ్చి చెక్క వాసన వేసింది. ఆమె చెయ్యి అవసరమైనదానికంటే ఒక క్షణం ఎక్కువసేపే అతని దవడ మీద ఉంది. ఇద్దరూ చూసుకోనట్టు నటించారు.

"ఇది మా తాత మర," అన్నాడు ఒస్మెల్ దూరం జరిగి. "ఒకప్పుడు సగం జట్లకి బ్యాట్లు ఇక్కణ్ణుంచే వెళ్ళేవి. అల్యూమినియం వచ్చిన ఏడు ఒక్కడూ ఈ గుమ్మం తొక్కలేదు. కుర్చీ కాళ్ళు తీశాడు మా తాత. చీపురు కర్రలు తీశాడు. ఆట రోజున స్టేడియం వైపు నుంచి టంగ్ మని వినపడితే చెవులు మూసుకునేవాడు. మళ్ళీ చెక్క వచ్చేసరికి ఆయన లేడు."

"అందుకని మా నాన్న మీద పడ్డావా? మీ తాత కడుపు కొట్టింది మా నాన్నా?"

"కాదు."

"నీకు ఏ బ్యాటు కావాలని మా నాన్ననెవరైనా అడిగారా? చేతికిచ్చింది పట్టుకున్నాడు!"

"తెలుసు."

"తెలిసీ అన్నావా?"

"కోపం వస్తే తెలిసింది గుర్తుంటుందా? మీకు ఉంటుందా?" అని అరిచాడు ఒస్మెల్. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. "మా తాతని ఎవరూ గిన్నె అని కూడా అనలేదు. అసలు ఆయన ఊసే ఎవరికీ పట్టలేదు!"

 దయామి తన కోపాన్ని ఇంకొకరి మొహం మీద చూడటం అదే మొదలు. అది కూడా ఇలాగే, ఇంట్లో మనిషి కోసం పుట్టిన కోపమే. ఒక పొట్టు ముక్క అతని కనుబొమ్మ మీద ఉంటే తీసేద్దామనిపించింది. తియ్యలేదు.

"అయినా నిజం నిజమే," అన్నాడతను మళ్ళీ ఉలి అందుకుంటూ. "ఆ లోహంతో ఎవడైనా కొడతాడు. బలం లేనివాడు, చూపు ఆననివాడు, అందరూ మొనగాళ్ళే."

"అందరూనా?"

"అందరూ."

"శాంటియాగో వాళ్ళూ? పినార్ వాళ్ళూ?"

"ఆ కాలంలో ఆడిన ప్రతి ఒక్కడూ."

"మరి వాళ్ళంతా కొట్టిన బంతులకి ఎదురెళ్ళిందెవరు?"

మర తిరుగుతూనే ఉంది. ఒస్మెల్ చేతిలో ఉలి ఆగిపోయింది.  తర్వాత మర ఆపేశాడు.

"ఇంకొక్క మాట ఇక్కడ అనకండి. ఆదివారం పార్కులో అనండి."

"ఏం, జవాబు లేదా?"

"ఆదివారం దాకా వెతుక్కుంటాను. దొరికిందా, మిమ్మల్ని వదలను."

"వదిలావో, రెండో పన్ను మత్తు లేకుండా పీకుతా! కావాలని ఓడిపోయావని నాకనిపించిందా, జన్మలో నీ మొహం చూడను."

"గెలిస్తే?"

"గెలిచినా చూడను."

"ఇంకేం చెయ్యాలండీ నేను?"

"ఒళ్ళు దాచుకోకుండా పోట్లాడి ఓడిపో!"

అతను పగలబడి నవ్వాడు. వాన తగ్గలేదు. పొట్టు నింపే గోనెసంచీ ఒకటి విప్పి ఇద్దరి నెత్తిన పట్టుకుని బస్టాపు దాకా దిగబెట్టాడు. సంచీ తన వైపు తక్కువుందని ఆమె, ఆమె వైపే ఎక్కువుందని అతనూ దారి పొడుగునా తగువులాడుకుంటూ ఇద్దరూ ముద్దగా తడిశారు. బస్సు కదిలాక దయామి జుట్టులోంచి పొట్టు దులుపుకుంటూ, తను నవ్వుతున్నట్టు గమనించి మొహం ముడుచుకుంది.

*

ఆదివారం మూల నిండిపోయింది. డాక్టరమ్మ మళ్ళీ వస్తోందన్న కబురు బస్సుల కంటే ముందే ఊరంతా తిరిగింది. బారెతో కూతురు ఈసారి తెల్లకోటుతో రాలేదు. ఎర్రచొక్కా వేసుకుని, వంటికి కారం రాసుకున్నట్టు వచ్చింది.

"హోమ్‌రన్ల ఊసు నేనెత్తను," అంది. "అవన్నీ తీసి అవతల పెట్టండి. అల్యూమినియానికి ఇచ్చేశాను. ఇప్పుడు చెప్పండి. మా నాన్న పనేంటి? అవుట్‌ఫీల్డర్. అవుట్‌ఫీల్డర్ పనేంటి? పట్టడం. అల్యూమినియంతో చీమైనా కొడుతుందని ఈ పెద్దమనిషే అన్నాడు. మరి అవతలి జట్టు చీమల చేతుల్లో ఏముంది? అప్పడాల కర్రా?"

జనంలో కదలిక పుట్టింది. ఒస్మెల్ ఒక అడుగు ముందుకేశాడు. అతని మొహం చూస్తే మూడు రోజులు నిద్రపోయినట్టు లేదు.

"బంతి వేగంగా వచ్చింది, ఒప్పుకుంటాను. మీ నాన్నగారు కంచెకి దగ్గరగా నిలబడేవారు. వేగానికి దూరంతో సరిపెట్టుకున్నారు. రోకాకి ఆ వెసులుబాటు లేదు!"

"దూరంగా నిలబడితే విసిరే దూరం కూడా పెరగలేదా? ఆ చివర్నుంచి ఈ చివర హోమ్ దాకా విసిరిన చెయ్యి ఎవరిది?"

"పోయినేడు రోకా కంచె ఎక్కి పట్టిన క్యాచ్ చూశారా?"

"చూశా! దారిలో కాఫీ తాగి వచ్చినట్టు వచ్చింది ఆ బంతి!"

అందరూ గొల్లుమన్నారు. ఒస్మెల్ నవ్వలేదు. గాలి ఎటు వీచేదో చెప్పాడు. బంతి విసిరే పిచ్చర్ల గురించి చెప్పాడు. పాత స్టేడియంలో గడ్డి ఎత్తుని కూడా వదల్లేదు. ఒక్కో మాటకీ ఆమె రక్తం ఉడికింది. ఇంతగా పోట్లాడమన్నది తనే. అయినా ఇంతగా పోట్లాడతాడా! సిగ్గుండాలి!

"ఇంతేనా?" అంది చివరికి.  "అయితే విను. చెక్కబ్యాటు మాట్లాడుతుంది. నువ్వు చెక్కేవాడివి, నీకు తెలీదా? నిండుగా తగిలితే ఒక మోత, చివర తగిలితే ఇంకో మోత. ఆ మోత వినగానే ముందుకురకాలో, వెనక్కి పరిగెత్తాలో రోకా కాళ్ళకి తెలిసిపోతుంది. అల్యూమినియం ఏం చెబుతుంది? నిండుగా తగిలినా టంగే. చివర తగిలినా టంగే. ఆ గుడ్డి మోత విని ఎటు పరిగెత్తాలి మనిషి? కళ్ళతోనే తేల్చుకోవాలి, ఎండ కళ్ళల్లో పడుతున్నా తేల్చుకోవాలి. పదిహేడేళ్ళు తేల్చుకున్నాడు మా నాన్న! మీరంతా వెక్కిరిస్తున్నారే టంగ్ టంగ్ అని, ఆ మోత ఆయన కొట్టింది రోజుకి నాలుగైదుసార్లు. ఆయన మీదికి వచ్చింది రోజంతా! దాని కింద నిలబడి మీ ఊరిని కాశాడు. నువ్వు దాన్నే తీసి ఆయన మొహాన కొట్టావు!"

 పార్కు అవతల ఎక్కడో గుర్రబ్బండి గంట వినపడింది.

ఒస్మెల్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. అతను నిజంగానే వెతుక్కుంటున్నాడని దయామికి తెలుస్తోంది. మూడు రోజులుగా దాచుకున్న జవాబులన్నీ అయిపోయాయి. ఇంకొకటి లేదు.

నీలం టోపీ తీసి, వంగి, నేల మీద పెట్టాడు.

"మాట చచ్చింది," అన్నాడు కుకో.

"ఏం చచ్చింది? టోపీ తియ్యి పైకి!"

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. జనం పక్కకి తప్పుకున్నారు. ఇంట్లో వేసుకునే చెప్పులతో, బొత్తాలు తప్పుగా పెట్టుకున్న చొక్కాతో ఎవెలియో బారెతో వగరుస్తూ నిలబడి ఉన్నాడు. మీ అమ్మాయి మగాళ్ళందరితో ఒంటరిగా పోట్లాడుతోందని పక్కింటావిడ కేకేసిందట. చెప్పులు మార్చుకునే తీరిక కూడా లేక పరిగెత్తుకొచ్చాడు.

"నాన్నా!"

"నువ్వుండు," అని ఆయన సరాసరి ఒస్మెల్ దగ్గరికి వెళ్ళాడు. "ఏమయ్యా, ఇంత మాత్రానికే టోపీ తీసేస్తావా? కావాలని ఓడావా?"

"లేదు కెప్టెన్. నిజంగానే జవాబు లేదు."

"లేదా! నా దగ్గరుంది. అల్యూమినియానికి నిండుగా తగిలినవి కంచె అవతల పడేవి. నేను మెడ ఎత్తి చూసేవాణ్ణి. చూడటం ఫీల్డింగా? చెక్క విరిగి, చచ్చిన బంతి ముందు రాలిపోతుంటే, ఉరికొచ్చి నేల మీద దూకి పట్టాలి. రోకా పడుతున్నాడు. నాకా పరుగే రాదు! కుర్రాణ్ణి తక్కువ చేస్తే నేనూరుకోను!"

దయామి నెత్తి పట్టుకుంది. "నాన్నా! నేనిక్కడ ఎవరి కోసం గొంతు చించుకుంటున్నాను? నువ్వు ఎవరి పక్క?"

"ఆట పక్క!"

ఒస్మెల్ వంగి టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అతని కళ్ళల్లో మళ్ళీ నిప్పు రాజుకుంది. "రాదంటారేంటి కెప్టెన్? ఎనభై ఆరు ఫైనల్లో ముందుకి దూకి పట్టారుగా, అది టీవీలో చూసి మా తాత చెవులు మూసుకున్న చేతులు తీసి చప్పట్లు కొట్టాడు!"

"అది గాలివాటం!"

"గాలి మోకాళ్ళు కొట్టుకుపోయేలా దూకుతుందా?" అంది దయామి.

"దూకింది ఒక్కసారి! రోకా వారానికోసారి దూకుతున్నాడు!"

"వారానికోసారి దూకేవాడు ఎందుకు దూకుతున్నాడు? బంతిని ఆలస్యంగా చూసి!" అన్నాడు ఒస్మెల్.

"ఎవడివయ్యా నువ్వు! పొద్దున రోకా, మధ్యాహ్నం బారెతోనా? నన్ను గిన్నె అన్నది నువ్వే కదూ?"

"ఎవెలియో!" కుకో బెంచీ మీద నుంచి ఎగిరి లేచాడు. "చచ్చిన మాట ఎత్తావ్! సీజనయ్యేదాకా వెలి!"

 ముందుగా నవ్వింది బారెతోనే. పొట్ట పట్టుకుని, బొత్తాలు తప్పిన చొక్కా ఊగిపోయేలా నవ్వాడు. ఎన్ని వారాల తర్వాత ఆ నవ్వు! దయామికి అప్పుడొచ్చింది ఏడుపు. అణిచిపెట్టి అణిచిపెట్టి ఉంచింది వరదలా వచ్చింది. ఆమె గుంపులోంచి పక్కకి తప్పుకుని చెట్టు వెనక్కి వెళ్ళింది.

ఒస్మెల్ వెనకాలే వచ్చాడు. రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"ఒళ్ళు దాచుకోలేదు," అన్నాడు.

"చూశా. సిగ్గులేదు నీకు. గడ్డి ఎత్తు కూడా చెప్పావు!"

"మీరే కదా..."

"నేనే. అయినా కోపమొస్తోంది. నిన్ను చూస్తే నాకు కోపం తప్ప ఇంకేం రాదనుకున్నాను. గురువారం నుంచి ఆ కోపం కూడా సరిగ్గా రావడం లేదు. దానికీ కోపంగా ఉంది!"

ఒస్మెల్ ముఖం ఎర్రబడింది. అంత వాగేవాడు మాటలు తడుముకున్నాడు. "నాకు ఆ రోజు పార్కులో మీ కళ్ళు చూసినప్పుడే... అల్యూమినియం అంటూ అరుస్తూనే అనుకున్నాను, నోరు పడిపోతే బాగుండునని. దయామీ, నాకు నువ్వంటే ఇష్టం. ఈ ఒక్క దాంట్లో నాతో వాదించకు."

"వాదించను," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. అని, చెయ్యి చాపి అతని కనుబొమ్మ మీది పొట్టు తీసేసింది.

"ఏయ్, చెక్కబ్యాటు!" గుంపు మధ్యలోంచి బారెతో కేక. ఆయన చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎవరో తెచ్చిన కాఫీ చేతిలో ఉంది. వెలి సంగతి అప్పుడే అందరూ మరిచిపోయారు. "మా అమ్మాయితో గుసగుసలు తర్వాత! భోజనానికి ఎలాగూ ఇంటికొస్తావుగా, అక్కడ చెప్పుకోండి. ముందు నాకు జవాబు చెప్పు! రోకా కంటే బారెతో గొప్పవాడని నా మొహం మీద అనగలిగే దమ్ముందా?"

"ఉంది!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

దయామి అతని చెయ్యి పట్టుకుంది. జనాన్ని భుజాలతో తోసుకుంటూ ఇద్దరూ ఆ గుంపులోకి దూరి, ఎవెలియో బారెతో మీదికి పోట్లాటకి దిగారు.